బీపీ గోళీ రోజూ వేసుకుంటున్నా నంబర్ ఎందుకు దిగడం లేదు? అసలు లోపం రెండో మెట్టు దగ్గరే!

రోజూ గోళీ వేసుకుంటున్నారు. ఉప్పు తగ్గించామంటున్నారు. పొద్దున్నే వాకింగ్ కూడా చేస్తున్నారు. అయినా మిషన్ పెట్టి చూస్తే 150కి పైనే! మన దేశంలో బీపీకి మందులు వాడుతున్న వాళ్లలో దాదాపు సగం మందిది ఇదే పరిస్థితి. మరి తప్పంతా పేషెంట్‌దేనా? లెక్కలు చూస్తే మాత్రం అలా అనిపించదు.

విద్యానగర్ నుంచి అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తే తెల్లవారకముందే వాకర్స్ కనిపిస్తారు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద రిటైరైన ఉద్యోగులు, గృహిణులు, హాస్టల్ కుర్రాళ్లు.. అందరూ అక్కడే. ఇంకాస్త ముందుకెళ్తే తార్నాక. ఏం తినాలి, ఎంత తినాలి అని దేశం మొత్తానికి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) ఉన్నది ఇక్కడే. ఆర్టీసీ ఆస్పత్రి ఇక్కడే. లాలాగూడలో రైల్వే ఆస్పత్రి, విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి కూడా దగ్గరే. ఇక మెడికల్ షాపులకు కొదవే లేదు.

అంటే డాక్టర్ దూరం కాదు, మందు దూరం కాదు, వాకింగ్‌కు చోటుంది. ఇలాంటి ఏరియాలో ఉన్నవాళ్లకు కూడా బీపీ కంట్రోల్‌లోకి రావడం అంత ఈజీ కాదంటే సమస్య ఎక్కడుందో వెతకాల్సిందే.

100 మందిలో 15 మందికే కంట్రోల్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబర్‌లో బీపీపై మొదటిసారి ఒక గ్లోబల్ రిపోర్ట్ విడుదల చేసింది. 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువాళ్లలో మన దేశంలో సుమారు 18.8 కోట్ల మందికి హైబీపీ ఉందని అంచనా వేసింది. ఇందులో ప్రతి 100 మందిని తీసుకుంటే 37 మందికే తమకు బీపీ ఉందని తేలింది. 30 మంది మందులు వాడుతున్నారు. కంట్రోల్‌లో ఉన్నది మాత్రం 15 మందికే.

ఈ లెక్కలో అందరి కళ్లూ మొదటి నంబర్ మీదే పడతాయి. ‘63 మందికి బీపీ ఉన్నట్టే తెలియదట’ అని. అది నిజమే, పెద్ద సమస్యే. కానీ చివరి రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. మందులు వాడుతున్నది 30 మంది. టార్గెట్ చేరింది 15 మంది. టెస్ట్ చేయించుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లి, డబ్బు పెట్టి మందులు కొని, రోజూ మింగుతున్న వాళ్లలోనూ సగం మందికి ఫలితం దక్కలేదన్నమాట.

తెలంగాణలో ఈ భారం ఇంకాస్త ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన వాళ్లలో బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు లేదా దానికి మందులు వాడుతున్నవాళ్లు మహిళల్లో 21 శాతం, పురుషుల్లో 24 శాతం. తెలంగాణలో మహిళల్లో 26 శాతం, పురుషుల్లో 31 శాతం.

ఇంతకీ టార్గెట్ అంటే ఎంత?

ఇక్కడే మొదటి గందరగోళం. మన ప్రభుత్వ ప్రోగ్రామ్‌లో టార్గెట్ 140/90 లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 గైడ్‌లైన్స్‌లోనూ మామూలు పేషెంట్లకు అదే. గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే పై నంబర్ 130 లోపు ఉండాలంటుంది. అమెరికా డాక్టర్ల సంఘాలు 2017 నుంచి 130/80 లోపే అంటున్నాయి. యూరప్ గుండె వైద్యుల సంఘం 2024లో మరో అడుగు ముందుకేసి, తట్టుకోగలిగే వాళ్లకు పై నంబర్ 120-129 మధ్యకు తేవాలని చెప్పింది.

అంటే వయసు, షుగర్, కిడ్నీ, గుండె పరిస్థితిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో టార్గెట్. అయితే ‘మీది ఎంతకు రావాలి?’ అని అడిగితే ఎంతమంది టక్కున చెప్పగలరు? షుగర్ పేషెంట్లకు ఫాస్టింగ్ ఎంతుందో నోటికి వచ్చేస్తుంది. బీపీ దగ్గరికొచ్చేసరికి ‘నార్మలే అన్నారు’, ‘కొంచెం ఎక్కువుందన్నారు’ దగ్గరే ఆగిపోతారు. ఎక్కడికి చేరాలో తెలియనప్పుడు చేరామో లేదో ఎలా తెలుస్తుంది?

అదే చీటీ.. అదే గోళీ

అసలు విషయం ఇక్కడుంది. ఉదాహరణకు ఇలా అనుకుందాం. తార్నాకలో ఉండే 52 ఏళ్ల వ్యక్తికి మూడేళ్ల కింద బీపీ 164/100 అని తేలింది. డాక్టర్ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల గోళీ రాశారు. నెల తర్వాత చూస్తే 153/94. ‘తగ్గింది కదా, ఇవే కంటిన్యూ చేయండి’ అన్నారు. అంతే! అప్పటి నుంచి అదే చీటీ పట్టుకుని మెడికల్ షాప్‌కు వెళ్లడం, షీట్ తెచ్చుకోవడం. కొన్నాళ్లకు చీటీ కూడా అక్కర్లేదు, ఖాళీ షీట్ చూపిస్తే చాలు. మూడేళ్లు గడిచినా ఆ గోళీ అదే, ఆ 153 కూడా అదే.

ఇందులో పేషెంట్ నిర్లక్ష్యం ఏమైనా ఉందా? చెప్పిన మందు చెప్పినట్టే వేసుకున్నారు. లోపం లెక్కలోనే ఉంది. మామూలు డోసులో ఒక బీపీ మందు పై నంబర్‌ను సగటున 9 పాయింట్ల వరకు తగ్గిస్తుందని 2009లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది. 164 నుంచి 9 తీసేస్తే 155. దానికి 140 చాలా దూరం. అంటే మొదటి రోజే తెలిసిపోయే లెక్క ఇది. ఒక్క గోళీతో ఆయన టార్గెట్ చేరే అవకాశం తక్కువ. రెండో మందు కలపాల్సిందే. ఆ రెండో మెట్టు ఎవరూ ఎక్కించలేదు.

డాక్టర్ల భాషలో దీన్ని ‘క్లినికల్ ఇనర్షియా’ అంటారు. బీపీ టార్గెట్‌కు పైనే ఉందని కనిపిస్తున్నా ట్రీట్‌మెంట్ మార్చకుండా వదిలేయడం. దీనికి కారణాలు లేకపోలేదు. ఓపీలో బయట పెద్ద లైన్ ఉంటుంది, ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలే. ‘మెట్లెక్కి వచ్చారు కదా, అందుకే ఎక్కువ చూపించిందేమో’ అన్న అనుమానం ఒకటి. ‘మందు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో’ అన్నది ఇంకోటి. పేషెంట్ వైపు నుంచి కూడా ‘అప్పుడే రెండు గోళీలా డాక్టర్ గారూ?’ అన్న బెరుకు ఉంటుంది. రెండు మాత్రలంటే జబ్బు ముదిరిందని భయం. నిజానికి చాలామందికి మొదటి నుంచే రెండు మందులు అవసరం అవుతాయి.

కొందరికి డాక్టర్ ఉన్న మందు డోసే డబుల్ చేస్తారు. దానికంటే వేరే రకం మందు కలపడమే మేలని 42 ట్రయల్స్‌ను, దాదాపు 11 వేల మందిని కలిపి చూసిన మరో విశ్లేషణ 2009లోనే చెప్పింది. ఒకే మందును రెట్టింపు చేస్తే వచ్చే అదనపు ఫలితం కంటే, రెండో రకం మందు కలిపితే వచ్చే ఫలితం దాదాపు ఐదు రెట్లు ఎక్కువట. పైగా డోసు పెంచితే ఆమ్లోడిపిన్‌తో కాళ్ల వాపు లాంటి సైడ్ ఎఫెక్ట్స్ కూడా పెరుగుతాయి. కాళ్లు వాచాయని గోళీ మానేసేవాళ్లు చాలామంది. డాక్టర్‌కు చెబితే మందు మారుస్తారు. చెప్పకుండా మానేస్తే నంబర్ మళ్లీ మొదటికే వస్తుంది.

‘నాకు బీపీ పెంచకు!’

మన మాటల్లో బీపీ అంటే జబ్బు కాదు, కోపం. ఎవరైనా విసిగిస్తే ‘నాకు బీపీ పెంచకు’ అంటాం. అరిచిన వాళ్లను చూసి ‘బీపీ వచ్చినట్టుంది’ అంటాం. మాట సరదాగానే ఉన్నా దీని వెనక ఒక ప్రమాదం ఉంది. బీపీ అంటే వచ్చిపోయేదన్న నమ్మకం. తల తిరిగితే, తల నొప్పి వస్తే బీపీ పెరిగినట్టు.. లేకపోతే లేనట్టు. అలా అనుకునే మనిషి ‘ఈ రోజు బాగానే ఉంది’ అని గోళీ పక్కన పెట్టేస్తారు.

కానీ చాలామందిలో హైబీపీ ఏ లక్షణమూ చూపించదు. 170 ఉన్నా మనిషి మామూలుగానే తిరుగుతుంటారు. లోపల మాత్రం గుండె, మెదడు, కిడ్నీల రక్తనాళాలు దెబ్బతింటూనే ఉంటాయి. చివరికి పక్షవాతమో, గుండెపోటో వచ్చాక గానీ తెలియదు.

ఇంకో పొరపాటు ఏంటంటే.. నంబర్ నార్మల్‌కు రాగానే ‘తగ్గిపోయింది’ అని మందు ఆపేయడం. తగ్గింది మందు వల్లే. జ్వరానికి మాత్ర వేసినట్టు ఐదు రోజుల కోర్సు కాదిది.

బీపీని పైకి నెట్టే ఇతర మందుల సంగతి కూడా చాలామందికి తెలియదు. మోకాళ్ల నొప్పులకు రోజూ వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి పెయిన్ కిల్లర్స్ బీపీని పెంచగలవు, కొన్ని బీపీ మందుల పనిని తగ్గించగలవు. ముక్కు దిబ్బడకు వాడే కొన్ని జలుబు మాత్రలదీ అదే తీరు. ఒక డాక్టర్ దగ్గర బీపీకి, ఇంకో డాక్టర్ దగ్గర మోకాళ్లకు చూపించుకునేవాళ్లు రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలి.

కొలవడంలోనే తేడా

వాకింగ్ ముగించి చెమట ఆరకముందే చేయి చాపితే వచ్చే నంబర్‌ను నమ్మలేం. టీ తాగిన వెంటనే, సిగరెట్ కాల్చిన వెంటనే, మాట్లాడుతూ, కాలు మీద కాలు వేసుకుని, చొక్కా చేతి మీద పట్టీ చుట్టించుకుని చూసినా అంతే. కనీసం 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలకు తగలాలి. చేయి గుండె ఎత్తులో ఏదైనా ఆధారం మీద ఉండాలి. పట్టీ చేతి సైజుకు సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే నంబర్ ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి చూడాలి.

ఆస్పత్రిలో ఎక్కువ, ఇంట్లో తక్కువ చూపించేవాళ్లుంటారు. దీనికి పూర్తిగా రివర్స్ కేసులూ ఉంటాయి. డాక్టర్ దగ్గర నార్మల్, ఇంట్లో ఎక్కువ. అందుకే ఇంట్లో చూసి రాసిపెట్టుకున్న నంబర్లకు ఇప్పుడు విలువ పెరిగింది. ఆస్పత్రిలో 140/90కి ఇంట్లో 135/85 సమానమని లెక్క. వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసి ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే ‘మెట్లెక్కడం వల్లేమో’ అన్న అనుమానానికి చోటుండదు. మందు మార్చాలా వద్దా అన్నది డాక్టర్ అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఉప్పు సంగతేంటి?

తార్నాకలోని ఎన్‌ఐఎన్ 2024 మేలో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దన్నది అందులో ఒకటి. అంటే సుమారు ఒక టీస్పూన్. రోజంతటికీ, అన్నిట్లో కలిపి. మరి మనం తింటున్నదెంత? 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున రోజుకు 9.5 గ్రాముల దాకా. దాదాపు రెట్టింపు!

‘మేం పైన ఉప్పు చల్లుకోం’ అంటారు చాలామంది. కానీ మన ఇళ్లలో ఉప్పు ఎక్కువగా వచ్చేది వంటలోనే. దానికి తోడు ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు. పెరుగన్నంలోకి పచ్చడి బద్ద లేనిదే ముద్ద దిగని ఇళ్లు ఎన్నో. మందు ఒక పక్క నంబర్‌ను లాగుతుంటే ఉప్పు ఇంకో పక్క ఎక్కిస్తుంటుంది.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు దీనికి ఒక దారి. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై చేసిన ట్రయల్‌లో ఈ ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. చెన్నైలోని ఐసీఎంఆర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ కూడా ఉప్పు తగ్గించడంపై పంజాబ్, తెలంగాణల్లో మూడేళ్ల ప్రాజెక్టు చేపట్టింది. అయితే ఒక జాగ్రత్త. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం పెంచే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ ఉప్పు వాడకూడదు.

పశ్చిమ గోదావరి చెప్పిన పాఠం

టెక్నాలజీతో ఇదంతా సరిచేయొచ్చా? దీనికి జవాబు మన దగ్గరే దొరికింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ‘స్మార్ట్ హెల్త్ ఇండియా’ పేరుతో ఒక ట్రయల్ జరిగింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి గుండె జబ్బు రిస్క్ ఎక్కువున్న వాళ్లను గుర్తించారు. డాక్టర్లకు ఏ మందు రాయాలో సూచించే సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చారు.

ఫలితాలు 2019లో వచ్చాయి. ఈ ఏర్పాటు ఉన్నప్పుడు బీపీ టార్గెట్ చేరినవాళ్లు 41.2 శాతం, లేనప్పుడు 39.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు!

ఆశాలు తమ పని చేశారు. కానీ గుర్తించడం ఒక్కటే సరిపోలేదు. పేరు లిస్టులోకి ఎక్కినంత మాత్రాన బీపీ దిగదు. ఆ తర్వాత మందు చేతికి రావాలి, నెల నెలా కొలవాలి, తగ్గకపోతే మార్చాలి. ఈ గొలుసులో ఏ లింకు తెగినా మొదటి లింకు కోసం పడ్డ కష్టం వృథానే.

తెలంగాణలో ఏం జరిగింది?

ఈ గొలుసును కలపాలనే 2017 నవంబర్‌లో ‘ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్’ మొదలైంది. తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. దీని పద్ధతి సింపుల్. అందరికీ ఒకే తరహా ట్రీట్‌మెంట్ మెట్లు రాసిపెట్టారు. మొదట ఆమ్లోడిపిన్ లాంటి ఒక మందు. నెల తర్వాత 140 దిగకపోతే టెల్మిసార్టన్ కలపాలి. అప్పటికీ దిగకపోతే డోసు పెంచాలి, తర్వాత మూడో మందు. రాష్ట్రాన్ని బట్టి మెట్ల వరుస కొంచెం మారొచ్చు గానీ ఆగిపోవడం మాత్రం ఉండదు. నెలకు సరిపడా మందులు ఇంటి దగ్గరి సెంటర్‌లోనే ఇవ్వాలి. నర్సులు, ఆశాలు కూడా పని పంచుకోవాలి. పేషెంట్లను మూడు నెలలకోసారి మూడు లిస్టులుగా విడదీయాలి. కంట్రోల్‌లో ఉన్నవాళ్లు, కంట్రోల్‌లో లేనివాళ్లు, అసలు రానివాళ్లు. ఆ మూడో లిస్టులో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి పిలవాలి. ఈ ప్రోగ్రామ్‌కు 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది.

హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. బీపీ మందులు అక్కడ ఫ్రీ. కానీ పగటి పూట డ్యూటీ చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు అక్కడికి వెళ్లాలంటే ఒక పూట కూలీ పోతుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు నిద్ర వేళలు, మాత్ర వేళలు రోజుకో రకంగా మారుతుంటాయి. మందు ఫ్రీ అయినా టైమ్ ఫ్రీ కాదు కదా!

ఇంకో సంగతి. 2023 మే 17న కేంద్రం ఒక పెద్ద లక్ష్యం పెట్టుకుంది. 2025 నాటికి 7.5 కోట్ల మంది బీపీ, షుగర్ పేషెంట్లను ట్రీట్‌మెంట్‌లోకి తేవాలని. 2025 మార్చి నాటికి దాదాపు 90 శాతం పూర్తయిందని ప్రకటించింది. మంచిదే. కానీ అక్కడ లెక్కపెట్టింది ట్రీట్‌మెంట్‌లోకి వచ్చినవాళ్లను. అందులో ఎంతమందికి 140 దిగిందన్నదే అసలు ప్రశ్న. పైన చూసిన లెక్కలో 30కి, 15కి మధ్య ఉన్న గ్యాప్ ఇదే.

ప్రైవేట్ క్లినిక్‌లకు, మెడికల్ షాపులకు వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా వేరు. వాళ్ల పేరు ఏ లిస్టులోనూ ఉండదు. వాళ్లు రాకపోయినా ‘ఎందుకు రాలేదు?’ అని అడిగేవాళ్లు ఉండరు. విద్యానగర్, తార్నాక లాంటి మధ్యతరగతి ఏరియాల్లో ఉన్న అసలు చిక్కు ఇదే. సౌకర్యాలు అన్నీ ఉన్నాయి, వెంటపడి అడిగేవాళ్లే లేరు.

ఒకే గోళీలో రెండు మందులు

రెండో మెట్టు సమస్యకు సులువైన పరిష్కారం ఒకటుంది. రెండు మందులూ ఒకే మాత్రలో ఇవ్వడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఇలాంటి కాంబినేషన్ మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 32 ఆస్పత్రుల్లో 1,981 మందిపై ‘టాప్‌స్పిన్’ అనే ట్రయల్ జరిగింది. రెండేసి మందులు కలిపిన మూడు రకాల మాత్రలను పోల్చి చూశారు. ఆరు నెలల్లో దాదాపు 70 శాతం మందికి బీపీ 140/90 లోపుకు వచ్చింది. మూడు రకాలూ ఇంచుమించు సమానంగానే పనిచేశాయి.

ఇది ట్రయల్. అక్కడ పేషెంట్లను ఫాలో అప్ చేసేవాళ్లుంటారు, మందు అయిపోయే పరిస్థితి రాదు. బయట అంత ఫలితం రాకపోవచ్చు. కానీ ఒకటి మాత్రం తేలిపోయింది. ‘మన వాళ్ల బాడీకి బీపీ తగ్గదు’, ‘మా ఇంట్లో అందరికీ ఇంతే’ అన్నవి నిజం కావు. సరైన మందులు, సరైన లెక్కలో, ఆపకుండా అందితే ఇదే దేశంలో పదిమందిలో ఏడుగురికి తగ్గింది.

మరి ఇప్పుడేం చేయాలి?

ప్రభుత్వం చేయాల్సింది ఎంతమందికి మందు ఇచ్చామన్నది కాకుండా ఎంతమందికి నంబర్ దిగిందన్నది చెప్పడం. సాయంత్రం వేళల్లో కూడా మందులు దొరికేలా చూడడం. ప్రైవేట్‌లో చూపించుకునేవాళ్లను కూడా ఫాలో అప్ లెక్కలోకి తేవడం.

పేషెంట్ చేతిలో ఉన్నది ఇంకా చిన్న పని. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘బీపీ ఎంతుంది?’ అని అడిగి ఊరుకోవద్దు. మూడు ప్రశ్నలు అడగాలి. నా టార్గెట్ ఎంత? ఇప్పుడు దానికి ఎంత దూరంలో ఉన్నాను? మందు మార్చాలా? వారం రోజుల ఇంటి రీడింగ్స్ కాగితం, వాడుతున్న అన్ని మందుల చీటీలు వెంట ఉంటే ఈ మాటలకు ఐదు నిమిషాలు చాలు.

ఖాళీ షీట్ చూపించి గోళీలు తెచ్చుకుంటూ ఏడాది దాటిందా? అయితే మెడికల్ షాప్ నుంచి కాదు, డాక్టర్ దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. డాక్టర్‌ను సంప్రదించకుండా బీపీ మందులు సొంతంగా పెంచడం, తగ్గించడం, మానేయడం ప్రమాదకరం.)